నల్లా బంద్ చేసే అవసరం ఎప్పుడొచ్చింది

మా అమ్మ కౌకూర్‌కు కోడలిగా వచ్చిన రోజుల్లో ఈ ఊళ్లో నల్లా కారడమనేది లేదు. నీళ్లు కారాలంటే అవి పైపులో పగలూ రాత్రీ నిలబడి, బయటికి రావడానికి తోసుకుంటూ ఉండాలి. బావిలో నీళ్లు అట్లా ఉండవు. గోలెంలో నీళ్లు ముంచుకునే దాకా కదలవు. బోరింగు కొడితే నీళ్లొస్తాయి, చెయ్యి తీస్తే ఆగిపోతాయి. ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడి మీద నిలబడే నీళ్లు మా ఇళ్లలోకి వచ్చి నలభై ఏండ్లు కూడా గట్టిగా కాలేదు. కారే నల్లా వయసు కూడా ఇక్కడ అంతే.

నేను పైపు ఫిట్టర్‌ని. బొల్లారం బజారులో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. జి.ఐ. అనే జింకుపూత ఇనుప పైపుల కాలంలో మొదలుపెట్టి ప్లాస్టిక్ పైపుల కాలందాకా చేశాను. ఇప్పుడు బరువు పనులు మానేశాను కానీ, ఊరి చుట్టూ వెలసిన కాలనీల నుంచి ఫోన్లు ఆగలేదు. కౌకూర్, యాప్రాల్ దిక్కు పటాలంలో చేసి రిటైరై ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. ముందర కాస్త జాగా విడిచి మల్లె, మందారం, జామ, కల్యామాకు చెట్టు పెట్టుకుంటారు. ఎండలు ముదిరే వేళకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ చెట్ల దగ్గరి నల్లా గురించే. వంటింట్లో నల్లా కారితే ఆ పూటే తెలుస్తుంది. తోట నల్లా కారితే దాని కింద గరిక దట్టంగా మొలిచి, గోడకు పాకురు పట్టేదాకా ఎవరి కళ్లకూ ఆనదు.

"నల్లా మార్చెయ్యి అన్నా, కొత్తది తెచ్చిపెట్టిన" అంటారు. మారుస్తాను. కానీ ఆ అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క ఎందుకు పుట్టింది, మా దిక్కు ఎందుకంత ఆలస్యంగా పని మొదలుపెట్టింది అన్నది నన్ను చాలా కాలంగా పట్టుకున్న విషయం. నీళ్లు రావడం గురించి అందరూ చెప్తారు. చెరువు ఎవరు కట్టించారు, పైపు ఎవరు వేయించారు అన్నవి పుస్తకాల్లో ఉంటాయి. నీళ్లను ఆపడం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

కౌకూర్‌ది రాతి నేల. పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఆ కింద పలుగుకు లొంగని గ్రానైటు. పాత బావులన్నీ గరుసులో నిలిచిన నీళ్లను నమ్ముకుని తవ్వినవి. ముప్పై, నలభై అడుగులకు రాయి తగిలేది, అక్కడితో ఆపేవాళ్లు. ఇండ్ల దగ్గరి బావికి గిలక, చేంతాడు, బొక్కెన. పొలాల బావుల మీద మోట. చిన్నప్పుడు నేను మోట తోలడం చూశాను. ఇప్పటి పిల్లలకు ఆ పనితనం తెలియదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

మోటకు పెద్ద తోలు సంచి ఉంటుంది. దాని అడుగు మూసి ఉండదు, పొడవాటి తోలు తొండంలా తెరిచి ఉంటుంది. సంచి నోటికి లావు మోకు, తొండం కొసకు సన్నని తాడు. రెండూ ఎడ్ల కాడికే కడతారు. ఎడ్లు వాలు మీద దిగుతుంటే సంచీ, తొండమూ కలిసి పైకి లేస్తాయి. తొండం కొస పైకి మడిచి ఉన్నంతసేపు నీళ్లు సంచిలో ఆగుతాయి. పైకి రాగానే లావు మోకు గిలక మీద సంచి ఎత్తుగా నిలుస్తుంది, సన్నతాడు తొండాన్ని తొట్టిలోకి లాగుతుంది, నీళ్లు దడదడా పడతాయి. ఆపడానికి ఒక తాడు, వదలడానికీ అదే తాడు. మా దిక్కు మొదటి నల్లా అదేనని నేను నమ్ముతాను. తోలు కుట్ల నుంచి నీళ్లు కారుతూనే ఉండేవి. కారిన ప్రతి చుక్కా మళ్లీ అదే బావిలో పడేది కాబట్టి ఆ కారడం ఎవరికీ నష్టం కాదు.

ఊరికి ఆనుకునే బొల్లారం కంటోన్మెంటు ఉంది. నిజాం రాజ్యంలో ఇంగ్లీషు దొరల చేతికింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ దండుకు అది పెద్ద ఠాణా. అక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. ఇప్పుడు రాష్ట్రపతి నిలయం అంటున్న రెసిడెంటు బంగళాను 1860లో కట్టారు. దాని తోటలకు బావి నీళ్లే ఆధారం. 2023 నుంచి ఏడాది పొడవునా జనాన్ని లోపలికి రానిస్తున్నారు, అక్కడ మెట్లబావిని ఎవరైనా చూసి రావచ్చు. దండులో నీళ్లు మోసేందుకు భిస్తీలు ఉండేవాళ్లు. మేక తోలు మష్క్‌లో నీళ్లు నింపి, మెడ దగ్గర తోలు తాడుతో బిగించి, భుజాన వేసుకుని బంగళాల స్నానాల గదులకు, గుర్రాల సాలలకు మోసేవాళ్లు. దారిలో దుమ్ము లేవకుండా చల్లేదీ వాళ్లే. భిస్తీ తన చేతి పట్టును కాస్త వదిలితే సన్నని ధార, బిగిస్తే బంద్. మా నాయన బంగళాలో మాలి పని చేసిన మనిషి. నాయనకు వాళ్ల నాయన చెప్పిన మాటల్లో భిస్తీల గురించి గౌరవమే వినిపించేది. ఒక చుక్క ఎక్కడ పడాలో అక్కడే పడేదట.

1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు చిన్న గేజీ రైలు పట్టాలు పడ్డాయి. బొల్లారం, మేడ్చల్ ఆ దారిలోని స్టేషన్లే. ఆవిరి ఇంజన్లకు దారిపొడుగునా నీళ్లు పట్టాలి. ఎత్తున కట్టిన తొట్టి, దానిలోంచి దిగే లావు ఇనుప గొట్టం, తిప్పే చక్రం అనే ఏర్పాటు ఇండ్లకన్నా చాలా ముందు ఇంజన్లకు వచ్చింది.

ఇక పట్నం సంగతి. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వింది. 1930 దాకా తాగునీళ్లకు వాడారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి పట్నాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి పథకం వేయించారు. దాని ఫలంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ నీళ్ల రుచి గురించి హైదరాబాదీలు ఇప్పటికీ మురిసిపోతారు. ఆ తర్వాత 1965లో మంజీర నీళ్ల పథకం మొదటి దశ. 1989లో పట్నం నీళ్ల సంగతి చూసే జలమండలి ఏర్పడింది. ఇవన్నీ పట్నం లెక్కలు. కౌకూర్‌కు వీటిలో ఏదీ అప్పట్లో అందలేదు. మాకు నల్లా అంటే బొల్లారం బజారుకు పోయినప్పుడు కనిపించే వీధి నల్లా.

ఆ వీధి నల్లా దగ్గర నేను గమనించింది ఒకటుంది, అదే ఈ వ్యాసానికి మూలం. దానికి చాలాసార్లు నల్లానే ఉండేది కాదు. ఇనుప పైపు భూమిలోంచి లేచి, పైన వంగి, కొసన ఉత్త మరలు కనిపించేవి. పెట్టిన ఇత్తడి నల్లాను ఎవరో రాత్రికి రాత్రి విప్పుకుపోయి తూకానికి అమ్మేవాళ్లు. కొత్తది పెట్టినా అంతే. చివరకు ఒక కట్టె ముక్కో, గుడ్డ పీలికో దూర్చేవాళ్లు, లేకపోతే అదీ లేదు. దాంతో ఎవరికీ పెద్ద ఇబ్బంది రాలేదు. ఎందుకంటే నీళ్లు వచ్చేదే పొద్దున గంట, గంటన్నర. ఆ గంటలో బిందెల వరుస తెగదు. ఒక బిందె తీసేలోపు ఇంకో బిందె కిందికి వస్తుంది. గంట అయిపోగానే నీళ్లు వాటంతట అవే పోతాయి. మరి ఆపాల్సింది ఏముంది?

ఆపే మనిషి వేరే ఉండేవాడు. భుజాన పొడవాటి ఇనుప తాళంచెవి వేసుకుని సైకిల్ మీద వచ్చే లైన్‌మన్. రోడ్డు మధ్య చిన్న మూత ఎత్తి, టీ ఆకారంలో ఉన్న ఆ చెవిని లోపలికి దింపి, గట్టిగా ఇన్ని చుట్లు తిప్పితే ఒక బస్తీకి నీళ్లు వదిలినట్టు. మళ్లీ అన్ని చుట్లు తిప్పితే ఆ బస్తీకి బంద్, పక్క బస్తీకి మొదలు. అసలు నల్లా అదీ. వేలమందికి ఒక్క నల్లా, ఒక్క చెయ్యి. ఆయన రాక కోసం ఆడవాళ్లు తెల్లారకముందే లేచి కూర్చునేవాళ్లు. ఇంట్లో కనెక్షన్ ఉన్నవాళ్లు తమ నల్లాను రాత్రే తిప్పి పెట్టి పడుకునేవాళ్లు, కింద ఇత్తడి బిందె పెట్టి. ధార బిందెలో పడ్డ చప్పుడుకు మెలకువ వస్తుందని. అంటే ఇంట్లో నల్లా ఎప్పుడూ తెరిచే ఉండేది. దాని వాషర్ ఎట్లా ఉందో, సీటు అరిగిందో లేదో చూసే పని ఎవరికీ పడలేదు.

ఇప్పుడు మన గోడకు ఉన్న ఈ తిప్పుడు నల్లా పుట్టిన ఊరు ఇంగ్లండులోని రాథర్‌హామ్. అక్కడి గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి పోతల కంపెనీ 1845లో దీనికి పేటెంటు తీసుకుంది. అంతకుముందు అక్కడ వాడింది గుండ్రని ఇత్తడి మేకుకు అడ్డంగా రంధ్రం చేసిన కాక్. పావు తిప్పు తిప్పితే రంధ్రం పైపుకు ఎదురుగా వచ్చి నీళ్లు పారుతాయి. ఇంకో పావు తిప్పితే ఆగుతాయి. పీపాలకు అది సరిపోయింది. ఒత్తిడి మీద వచ్చే నీళ్లకు సరిపోలేదు. ఇత్తడి మీద ఇత్తడి రుద్దుకుని అరిగి కారేది. పైగా ఒక్కసారిగా మూస్తే పైపులో పరిగెత్తే నీళ్లు దబ్బున కొట్టుకుని అతుకులు ఊడేవి.

ఇంగ్లండులోనూ చాలా చోట్ల నీళ్లు కొన్ని గంటలే వచ్చేవి. థామస్ హాక్స్‌లీ అనే ఇంజనీరు నాటింగ్‌హామ్‌లో 1831 నుంచి రాత్రీ పగలూ ఒత్తిడి మీద నీళ్లిచ్చి, ఇది సాధ్యమేనని చూపించాడు. మిగతా ఊళ్ల భయం ఒకటే: ఎప్పుడూ నీళ్లుంటే జనం ఇండ్లలో కారి పోయేదే ఎక్కువవుతుందని. ఆ భయానికి జవాబు మర నల్లా. లోపల మరలున్న కాడ, దాని కొసన మెత్తని వాషర్, కింద ఇత్తడి సీటు. తిప్పుతుంటే వాషర్ మెల్లగా దిగి సీటు మీద కూర్చుంటుంది, నీళ్లు నిదానంగా ఆగుతాయి, దెబ్బ కొట్టవు. అరిగేది వాషర్ ఒక్కటే. అది అణా వస్తువు, విప్పి మార్చుకోవచ్చు. లండన్‌కు రోజంతా నీళ్లు రావడం 1871 చట్టం తర్వాత మెల్లమెల్లగా జరిగింది. నిరంతరం నీళ్లు, గట్టిగా మూసే నల్లా ఒకదాని వెంట ఒకటి నడిచాయి. మన దగ్గరికి నల్లా వచ్చింది, నిరంతరం నీళ్లు రాలేదు. అందుకే అది ఇన్నేండ్లు పని లేకుండా ఉండిపోయింది.

మన దేశంలో ఆపడం గురించి గట్టిగా ఆలోచించిన మనిషి తిరువాన్కూరుకు చెందిన జె.పి. సుబ్రమణ్య అయ్యర్. వీధి నల్లాలు తెరిచి వదిలేసి పోతున్నారని, చెయ్యి తీయగానే దానంతట అదే మూసుకునే నల్లా కనిపెట్టాడు. జేసన్ నల్లా అంటారు. కింది నుంచి పుల్లను పైకి నొక్కితే నీళ్లు, వదిలితే బంద్. రైలు పెట్టెల్లో మనమంతా నొక్కిన నల్లాలు ఆ జాతివే. మా ఉస్తాద్ దాన్ని విప్పి చూపించినప్పుడు లోపలి పనితనం చూసి నాకు ఆ రోజంతా వేరే ఆలోచన రాలేదు. నీళ్ల ఒత్తిడినే మూయడానికి వాడుకున్నాడు ఆయన. పై నుంచి నీళ్లు ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటుంది.

కౌకూర్‌లో బావుల తర్వాత వచ్చింది బోరింగు. 1970లలో యూనిసెఫ్ సాయంతో మద్రాసులో తయారు చేసిన ఇండియా మార్క్-2 పంపు, షోలాపూర్ పంపును ఇంకా గట్టిపరచి తీర్చిదిద్దింది, కొద్ది ఏండ్లలో దేశమంతా పాకింది. మా ఊరికీ వచ్చింది. మా అమ్మకు చేంతాడు పోయి ఇనుప పిడి వచ్చింది. భుజాల నొప్పి మాత్రం పోలేదు. కొడితేనే నీళ్లు కాబట్టి అక్కడా ఆపే పని లేదు.

అసలు మార్పు తెచ్చింది కరెంటు మోటరు, మిద్దె మీది ట్యాంకు. బోరు యంత్రాలు చవకయ్యాయి. గరుసు దాటి రాతి పగుళ్లలోకి వందల అడుగులు దిగాయి. గుజరాత్‌లోని కలోల్‌లో 1975 ప్రాంతంలో మొదలైన సింటెక్స్ నల్ల ట్యాంకు, ఆ తర్వాత దాన్ని చూసి చేసినవి ఎన్నో, మా దిక్కు మిద్దెలన్నీ ఎక్కాయి. సిమెంటు ట్యాంకు కట్టలేనివాళ్లు కూడా అది ఎత్తి పెట్టుకోగలిగారు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా, మోటరు పొద్దున ఒక గంటే నడిచినా, మిద్దె మీద మాత్రం ఎప్పుడూ నీళ్లే. ఊరికి రోజంతా నీళ్లు ఇవ్వలేని చోట ప్రతి ఇల్లూ తనకు తానే ఒక చిన్న వాటర్ వర్క్స్ అయింది. ఆ రోజు నుంచి గోడకున్న ఇత్తడి నల్లా రాథర్‌హామ్‌లో ఏ పని కోసం పుట్టిందో ఆ పని మొదలుపెట్టింది.

ఆ పని బరువు అన్నిటికన్నా ఎక్కువ పడేది తోట నల్లా మీద. పది మీటర్ల ఎత్తు నీళ్లు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి పెడతాయి. రెండంతస్తుల ఇంటి మీద దిమ్మె కట్టి ట్యాంకు పెడితే, నేలకు మూరెడు ఎత్తులో ఉన్న తోట నల్లాకు దాదాపు ఆ పది మీటర్లు ఉంటాయి. మేడ మీది స్నానాల గదిలో నల్లా మోసేది అందులో సగం కూడా ఉండదు. అర ఇంచి నల్లా సీటు వైశాల్యం లెక్కేస్తే, వాషర్‌ను కింది నుంచి కిలోకు పైగా బరువు పగలూ రాత్రీ తోస్తూనే ఉంటుంది. దాని మీద వైశాఖం ఎండ. రబ్బరు బిర్రబిగిసి పగుళ్లిస్తుంది. మొక్కలకు పైపు తగిలించి గుంజితే నల్లా మొత్తం ఊగుతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి సీటు మీద తెల్లగా పొర కడుతుంది. వాషర్ సరిగా ఆనదని మనిషి ఇంకా గట్టిగా బిగిస్తాడు. ఆ బిగింపుకు వాషర్ చీలుతుంది. సన్నగా జారే నీళ్లు రోజుల తరబడి ఇత్తడి సీటు మీద గాడి కోస్తాయి. గాడి పడ్డాక ఎన్ని కొత్త వాషర్లు వేసినా కారుతుంది.

ఉస్తాద్ మొదట నేర్పింది ఇదే: "నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో చూడకుండ పానా పట్టకు బేటా." మూతి నుంచి కారితే వాషరో, సీటో. పిడి కింద నుంచి ఊరితే గ్లాండు, అంటే కాడ చుట్టూ ఉండే కట్టు. గోడ దగ్గర తడి ఉంటే మరల దగ్గరి కట్టు పోయినట్టు. మొదటి రెండింటికీ నల్లా మార్చనక్కర లేదు. గ్లాండు నట్టు వదులు చేసి నూనె పట్టించిన నూలు దారం నాలుగు చుట్లు చుట్టి బిగించేవాళ్లం. వాషర్లు తోలువి మేమే కోసుకునేవాళ్లం, తర్వాత రబ్బరువి వచ్చాయి. సీటు గాడి పడితే చిన్న కట్టర్‌తో లోపలే గీకి చదును చేసేవాళ్లం. ఉస్తాద్ సంచిలో ఆ కట్టర్‌కు ప్రత్యేకంగా ఒక గుడ్డ ఉండేది. ఇప్పటి పిల్లల సంచుల్లో అది లేదు. నల్లా విప్పి పారేయడానికి పట్టే సమయం, బాగుచేయడానికి పట్టే సమయంలో సగం కూడా ఉండదు. కూలి సమయం బట్టే కదా. వాళ్లను తప్పు పట్టలేను. కానీ నూరు గ్రాముల మంచి ఇత్తడి రూపాయి వాషర్ కోసం పాత సామానుకు పోతుంటే నాకు మనసు ఒప్పదు.

సామాను కోసం సికింద్రాబాద్ రాణీగంజ్‌కు పోయేవాళ్లం. ఇప్పటికీ పైపులు, వాల్వులు, పంపులకు ఆ బజారే పెద్దది. ఇత్తడి నల్లా కొనేటప్పుడు ఉస్తాద్ ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. తర్వాత ఐ.ఎస్. 781 ముద్ర. మర నల్లాలకు మన దేశపు ప్రమాణం అది. తర్వాత మరల మీద గోరు నడిపేవాడు. అర ఇంచి నల్లాకు ఇంచికి 14 మరలు. విట్‌వర్త్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1841లో మరలన్నీ ఒకే తీరుగా ఉండాలని మొదలుపెట్టిన లెక్క నుంచి వచ్చిందది. ఇంటివాళ్లు కొత్త నల్లా తేవడానికి స్కేలుతో కొలిచి చాలాసార్లు తికమక పడతారు. మరల దగ్గర కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది, అర ఇంచి కన్నా చాలా ఎక్కువ. అర ఇంచి అన్నది పాత ఇనుప పైపు లోపలి రంధ్రం కొలత. ముప్పావు ఇంచిదని తెచ్చేస్తారు, అది పట్టదు. పాత నల్లా విప్పి జేబులో వేసుకుని దుకాణానికి పోవడమే మంచిది.

మరల కట్టు సంగతీ మారింది. అవిసె నూనెలో కలిపిన సఫేదా ముద్ద పూసి, జనపనార పోగులు చుట్టి బిగించేవాళ్లం. ఆరినాక రాయిలా పట్టేది. ఇరవై ఏండ్ల తర్వాత విప్పాలంటే గ్యాసు మంట చూపాల్సి వచ్చేది. ఇప్పుడు తెల్లని టెఫ్లాన్ టేపు. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ వేరే పనిలో ఉండగా బయటపడిన పదార్థం అది. శుభ్రమైన సామాను, నాకు ఇష్టమే. మరల కొస మనవైపు పెట్టుకుని గడియారం తిరిగే దిక్కున పది పన్నెండు చుట్లు చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే బిగించేటప్పుడు టేపు మడతపడి బయటికి వచ్చేస్తుంది. నల్లాను ముందు చేత్తోనే ఎక్కించి, ఆగిన దగ్గర నుంచి పానాతో చుట్టు, చుట్టున్నర. మూతి సరిగ్గా కిందికి రాగానే ఆపాలి. దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, కట్టు విడిపోతుంది, మొత్తం విప్పి మళ్లీ చుట్టాలి. పాత నల్లా విప్పేటప్పుడు గోడలోని పైపును రెండో పానాతో పట్టుకోకపోతే, తుప్పు పట్టిన జి.ఐ. ఎల్బో గోడలోనే విరుగుతుంది. అర్ధగంట పని అప్పుడు గోడ పగలగొట్టే పని అవుతుంది. ప్లాస్టిక్ పైపులకు కొసన ఇత్తడి మరలున్న ఎల్బోనే పెట్టాలి. ఉత్త ప్లాస్టిక్ మరల్లోకి ఇత్తడి నల్లా బిగిస్తే ఏడాది తిరగకుండా చీలుతుంది.

పావు తిప్పు సిరామిక్ నల్లాలు తోటకు పెట్టించుకోవద్దని అడిగినవాళ్లకు చెప్తాను. అద్దంలా నున్నగా ఉన్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి అందులో. జలమండలి నీళ్లకు బ్రహ్మాండంగా ఉంటాయి. బోరు నీళ్లతో వచ్చే ఇసుక రేణువు వాటి మధ్య పడితే గీత, గీత పడితే కారడం, లోపలి ముక్క మొత్తం మార్చాలి. రబ్బరు వాషర్ ఇసుకను ఓర్చుకుంటుంది. తోటకు పాత మర నల్లానే సరైనది.

2015 చివర్లో గోదావరి నీళ్లు మా ఉత్తరపు శివార్లకు చేరాయి. ఎల్లంపల్లి బరాజు నుంచి దాదాపు 186 కిలోమీటర్లు లావు పైపుల్లో వచ్చి, శామీర్‌పేట దిక్కున ఘన్‌పూర్ దగ్గరి రిజర్వాయరులో నిలిచి, అక్కడి నుంచి కిందికి దిగుతాయి. అల్వాల్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసినప్పుడు మొదలైన ఎదురుచూపు అట్లా తీరింది. 2021 జనవరి నుంచి మీటరు ఉన్న ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. సెకనుకు ఒక చుక్క కారే నల్లా రోజుకు 20 లీటర్ల దాకా పోగొడుతుంది, నెలకు 600. ఉచితపు లెక్కలో అది చిన్నదే. గోదావరి ఒడ్డున పంపు ఎత్తి, కొండలు గుట్టలు దాటించి, శుద్ధి చేసి, మళ్లీ మన మోటరు మిద్దె ఎక్కించిన నీళ్లని తలచుకుంటే చిన్నది కాదు.

నిలిచిన తడిది ఇంకో కీడు. ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ సంగతి కనిపెట్టిన దిక్కులో ఉంటూ నల్లా కింద గుంటలో దోమలు పెంచుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

ఇప్పుడు నేను ప్రతి ఇంట్లో అడిగేది ఒకటుంది. తోట నల్లా మార్చాలంటే ముందు నీళ్లు ఆపాలి. ఎక్కడ ఆపాలి? 1980లలో, 90లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి ట్యాంకు దగ్గర వాల్వు ఉండదు, ఉన్నా తుప్పు పట్టి తిరగదు. తోట పైపుకు విడిగా ఒకటి ఉండటం మరీ అరుదు. ఇల్లు కట్టిన మేస్త్రీలకు, కట్టించుకున్న పెద్దలకు అది తోచలేదు. నీళ్లను రోడ్డు మీది లైన్‌మన్ ఆపుతాడన్న అలవాటులోనే ఇంటి పైపులూ వేశారు. దాంతో అర ఇంచి నల్లా మార్చడానికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ చేయాల్సి వస్తుంది. లేకపోతే ట్యాంకులోకి దిగి పైపు మూతికి గుడ్డ కుక్కాలి.

మొన్న వేసవిలో ఒక రిటైర్డ్ సుబేదార్ ఇంట్లో ఇదే జరిగింది. నల్లా మార్చమని ఆ ఇంటి పెద్దావిడ పిలిచింది. "పెద్దమ్మా, ఇప్పుడు ఎట్లాగూ నీళ్లు ఖాళీ చేస్తున్నం, ఈ పైపు మీద ఒక స్టాప్ కాక్ పెట్టించుకో. రేపు వాషర్ నువ్వే మార్చుకోవచ్చు" అన్నాను. ఆమె బొల్లారం వీధి నల్లా దగ్గర వరుసలో నిలబడ్డ మనిషే. ఎట్లా మార్చాలో చూపించమంది. స్టాప్ కాక్ తిప్పి, పై నట్టు విప్పి, కాడ బయటికి తీసి, వాషర్ ఊడదీసి పెట్టడం ఆమెతోనే చేయించాను. పాత ఇత్తడి నల్లా సీటు ఇంకా బాగుంది. కొని తెచ్చిన కొత్తదాన్ని దుకాణంలో వాపసు ఇచ్చి, ఆ డబ్బులతో స్టాప్ కాక్, అర డజను వాషర్లు తెచ్చాము.